పైలట్ లైసెన్సు సిద్ధాంత పరీక్షలు: కంప్యూటర్ తెర ముందుకు ఎలా సిద్ధమై వెళ్లాలి

నావిగేషన్ నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి మొదటి రోజే ఒక లెక్క ఇచ్చాను. విమానం 40 నాటికల్ మైళ్లు వెళ్లేసరికి గీసుకున్న దారికి కుడివైపు 4 మైళ్లు జరిగిపోయింది. గమ్యం ఇంకా 80 మైళ్లు ఉంది. అక్కడి నుంచి నేరుగా గమ్యానికి పోవాలంటే ఎటు, ఎన్ని డిగ్రీలు తిరగాలి? అతను కాగితం ముట్టుకోలేదు. “6 డిగ్రీలు ఎడమకు, సార్” అన్నాడు వెంటనే. అప్పటికే ఆ పేపరు ఒకసారి రాసి తప్పాడు. క్వశ్చన్ బ్యాంకులో ఇలాంటి ప్రశ్న ఉందనీ దాని జవాబు 6 అనీ అతనికి గుర్తు. నిజమే, ఉంది. కాని అందులో అడిగింది దారి ఎంత తప్పిందని మాత్రమే.

60కి 1 సూత్రం (60 మైళ్లకు 1 మైలు పక్కకు జరిగితే 1 డిగ్రీ) ప్రకారం దారి తప్పిన కోణం 4ని 40తో భాగించి 60తో గుణిస్తే వచ్చే 6 డిగ్రీలు. అంతవరకే తిరిగితే విమానం పాత దారికి సమాంతరంగా, 4 మైళ్ల ఎడంలోనే పోతూ ఉంటుంది. గమ్యానికి ఎప్పటికీ చేరదు. దాని వైపు మళ్లాలంటే 4ని 80తో భాగించి 60తో గుణించగా వచ్చే 3 డిగ్రీలు కూడా కలపాలి. జవాబు 9 డిగ్రీలు ఎడమకు. పరీక్షలో ఇచ్చే నాలుగు జవాబుల్లో 3, 6, 9 మూడూ ఉంటాయి. లెక్క మధ్యలో ఎక్కడ ఆగిపోయినా అక్కడ మీ కోసం ఒక జవాబు సిద్ధంగా కూర్చుని ఉంటుంది. చూసి గుర్తుపట్టే చదువు ఈ పరీక్షల్లో ఎందుకు నిలబడదో ఆ రోజు అతనికి అర్థమైంది. ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఆ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది.

ఇది మన దేశంలో డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, నిర్వహించే కమర్షియల్ పైలట్ లైసెన్సు సిద్ధాంత పరీక్షల గురించి. ఎయిర్‌లైన్‌లో కో పైలట్‌గా చేరడానికి మొదట కావలసింది ఈ లైసెన్సే. కెప్టెన్ కావడానికి కావలసిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు తర్వాతి మెట్టు. దానికి 21 ఏళ్ల వయసు, 1,500 గంటల అనుభవం ఉండాలి. ఆ పరీక్షల్లో లోతు పెరుగుతుంది, సిద్ధమయ్యే పద్ధతి మాత్రం ఇదే.

ముందుగా కాగితాల పని

పుస్తకం తెరవకముందే కంప్యూటర్ నంబర్‌కు దరఖాస్తు పెట్టండి. ఇది డీజీసీఏ పరీక్షల విభాగం ప్రతి అభ్యర్థికీ ఇచ్చే శాశ్వత సంఖ్య. ఇది లేకుండా ఏ పేపరుకూ నమోదు కాలేరు. పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు జతచేయాలి. అవి అసలైనవేనని బోర్డు నుంచి ధ్రువీకరణ కూడా కావాలి. చాలామంది చేతులారా ఆలస్యం చేసుకునేది ఇక్కడే. చదువు పూర్తయ్యాక చూద్దాంలే అనుకుంటారు. బోర్డు కార్యాలయం నుంచి ధ్రువీకరణ వచ్చేసరికి సెషన్ నమోదు గడువు దాటిపోతుంది.

ఇంకొక మాట. మన ఇళ్లలో ఇంటిపేరు ఒక సర్టిఫికెట్‌లో ముందు, ఇంకో దాంట్లో వెనక, మూడోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఈ తేడా పరీక్ష నమోదులో ఒకసారి, మెడికల్‌లో ఇంకోసారి, లైసెన్సు దరఖాస్తులో మరోసారి అడ్డు తగులుతుంది.

ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదవనివారు ఆ రెండు సబ్జెక్టులను జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా రాసి పూర్తిచేసుకునే దారి ఎప్పటి నుంచో ఉంది. మెడికల్ కూడా ముందే చేయించుకోండి. లక్షలు పోసి చదివి, పేపర్లన్నీ గట్టెక్కాక కంటి పరీక్షలో ఆగిపోవడం కంటే బాధ ఇంకొకటి లేదు.

కంప్యూటర్ నంబర్ వచ్చాక పరీక్ష పోర్టల్‌లో సెషన్ తేదీలు చూసి నమోదు చేసుకోవాలి. రుసుము కట్టాలి, నగరం ఎంచుకోవాలి, హాల్ టికెట్ దింపుకోవాలి. సెషన్ ప్రకటన వచ్చిన రోజే నమోదు చేయండి. దగ్గరి కేంద్రంలో సీట్లు నిండిపోతే రైలెక్కి మరో నగరానికి వెళ్లి రాయాల్సి వస్తుంది.

ఏ పేపరు ఎప్పుడు

రాయవలసినవి ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం), ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, మీరు నడిపే విమానం మీద టెక్నికల్ స్పెసిఫిక్. వీటికి తోడు రేడియో మీద మాట్లాడే అర్హత కోసం ఆర్‌టీఆర్. ఉత్తీర్ణతకు ప్రతి పేపర్లో 70 శాతం రావాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు.

అన్నీ ఒకే సెషన్‌లో రాసేయాలని చూడకండి. చురుకైన పిల్లలు కూడా అలా రాసి, నాలుగింటిలోనూ 60లు తెచ్చుకుని నీరుగారిపోవడం చూశాను. ఒక సెషన్‌కు రెండు పేపర్లు, బాగా చదివితే మూడు. నా సలహా నావిగేషన్, మెట్ కలిపి మొదలుపెట్టమని. ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం), పీడనం, ఉష్ణోగ్రత, గాలి రెండింటిలోనూ వస్తాయి. ఒకదానికి పడిన కష్టం రెండోదానికి పనికొస్తుంది. తర్వాత టెక్నికల్. రెగ్యులేషన్స్‌లో గుర్తుంచుకోవలసినవి ఎక్కువ కాబట్టి రోజుకు అరగంట చొప్పున మొదటి నుంచీ చదువుతూ, పరీక్షకు ముందు మూడు వారాలు పూర్తిగా దానికే ఇవ్వండి. ఆరు నెలల ముందు బట్టీ పట్టిన అంకెలు పరీక్ష నాటికి నిలవవు.

నావిగేషన్

ఎక్కువ మంది తప్పేది ఈ పేపర్లోనే. కారణం లెక్కలు కష్టమైనవి కావడం కాదు. ఇంటర్ చదివినవారికి ఇందులో రానిదేమీ లేదు. లెక్క మొదలుపెట్టే ముందు బొమ్మ గీయకపోవడమే అసలు లోపం.

గాలి లెక్క తీసుకోండి. మీరు తూర్పుకు, అంటే 090 ట్రాక్‌లో (నేల మీద పోవలసిన దారిలో) పోవాలి. గాలి ఉత్తరం నుంచి 20 నాట్లు. విమానం నిజ వేగం 120 నాట్లు. ఏ హెడింగ్ (విమానం ముక్కు చూసే దిక్కు) పట్టాలి? నావిగేషన్ కంప్యూటర్, అంటే ఆ గుండ్రటి స్లైడ్ రూల్, చేతిలోకి తీసుకునే ముందు కాగితం మీద తూర్పుకు ఒక గీత, పైనుంచి కిందికి ఒక బాణం గీయండి. గాలి మిమ్మల్ని దక్షిణానికి నెడుతోంది. కాబట్టి ముక్కు ఉత్తరం వైపు తిప్పాలి, హెడింగ్ 090 కంటే తక్కువ ఉండాలి. ఎంత తక్కువ? 20ని 120తో భాగించి 60తో గుణిస్తే 10 డిగ్రీలు. అంటే 080కి అటూ ఇటూ. ఇప్పుడు స్లైడ్ రూల్ తిప్పితే తొమ్మిదిన్నర డిగ్రీల పైచిలుకు వస్తుంది. ఎక్కడైనా పొరపాటున 100 వచ్చిందంటే స్లైడ్ రూల్ మీద గాలిని సూచించే చుక్క తప్పు వైపు పెట్టారని అక్కడికక్కడే తెలిసిపోతుంది. 100 కూడా జవాబుల్లో ఉంటుంది మరి! ఉజ్జాయింపు ముందు, కచ్చితమైన లెక్క తర్వాత: ఈ వరస చేతికి అలవాటయ్యేదాకా రోజుకు పది లెక్కలు చేయండి.

పాయింట్ ఆఫ్ ఈక్వల్ టైమ్ కూడా అంతే. ముందుకు పోవడానికీ వెనక్కి రావడానికీ సమాన సమయం పట్టే చోటు అది. మొత్తం దూరాన్ని వెనక్కి వచ్చే వేగంతో గుణించి, రాకపోకల వేగాల మొత్తంతో భాగించాలి. 600 మైళ్ల ప్రయాణంలో వెళ్లేటప్పుడు వేగం 150, వెనక్కి వచ్చేటప్పుడు 200 అయితే ఆ చోటు సుమారు 343 మైళ్ల దగ్గర. ఇది సగం దూరమైన 300 దాటి ఉంది. ఉండాలి కూడా, ఎందుకంటే ఎదురుగాలిలో పోతున్నారు. ఆ చోటు ఎప్పుడూ గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ దిక్కు వైపే జరుగుతుంది. మీకు 257 వచ్చిందంటే రెండు వేగాలూ తారుమారు చేశారన్నమాట.

సమయం లెక్కలకు మన దగ్గరే చక్కటి గుర్తు ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. అంటే అక్కడ స్థానిక సమయం, గడియారం సమయం దాదాపు ఒకటే. హైదరాబాద్ సుమారు 78 డిగ్రీల 30 నిమిషాల దగ్గర ఉంది. 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాలు వెనక. అంతర్జాతీయ సమయం (యూటీసీ) 06:00 అయితే మన గడియారం 11:30, హైదరాబాద్ స్థానిక సమయం 11:14. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే ఎప్పుడు కలపాలో ఎప్పుడు తీసివేయాలో ఇక సందేహం రాదు. తేదీ దగ్గర మాత్రం జాగ్రత్త. మన గడియారంలో 5వ తేదీ తెల్లవారుజాము 03:00 అంటే అంతర్జాతీయ సమయంలో ఇంకా 4వ తేదీ రాత్రి 21:30.

లెక్కలో ఇచ్చిన ప్రతి దిక్కు పక్కన అది ట్రూనా (అసలు ఉత్తరం నుంచి కొలిచిందా), మాగ్నెటిక్‌నా (దిక్సూచి ఉత్తరం నుంచి కొలిచిందా) అన్నది రాసుకోండి. మెటార్ (విమానాశ్రయంలో ప్రస్తుత వాతావరణం), టాఫ్ (రాబోయే వాతావరణ అంచనా) నివేదికల్లో గాలి దిశ ట్రూ. దిగేటప్పుడు టవర్ చెప్పే గాలి మాగ్నెటిక్. ప్రశ్నలో ఈ తేడాను ఎక్కడా ఎత్తి చూపరు, మీరే పట్టుకోవాలి.

మెటియరాలజీ

ఈ పేపర్లో మన దేశ వాతావరణం మీద గట్టిగా అడుగుతారు. విదేశీ పుస్తకాలు మాత్రమే చదివినవారు ఇక్కడే చిక్కుకుంటారు. తెలుగువారికి ఇందులో సగం అనుభవంలో ఉన్నదే. దానికి కారణం జోడిస్తే చాలు.

బంగాళాఖాతంలో తీవ్ర తుపానులు ఎప్పుడు ఎక్కువ? దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. విశాఖను, అక్కడి విమానాశ్రయాన్ని దెబ్బతీసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. రెండూ నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే కాలంలోనో ఆ తర్వాతో వచ్చినవే. మరి సముద్రం వెచ్చగానే ఉండే జులై, ఆగస్టుల్లో ఎందుకు రావు? అప్పుడు కింద పడమటి గాలులు, పైన బలమైన తూర్పు జెట్ (ఎత్తులో చాలా వేగంగా వీచే గాలి ధార). ఎత్తుతో పాటు గాలి అంతగా మారిపోతుంటే తుపాను గోపురం నిలువుగా పేరుకోలేదు. అందుకే ఆ నెలల్లో వాయుగుండాల దగ్గరే ఆగిపోతుంది. చూడండి, ఒక్క కారణం పట్టుకుంటే తుపాను కాలం, రుతుపవన కాలపు గాలులు, ఉష్ణమండల తూర్పు జెట్ మూడూ ఒకే తాడుకు కట్టినట్టు గుర్తుంటాయి. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా పోయేది మాత్రం పడమటి జెట్. ఈ రెండింటినీ కలిపి తికమకపెట్టే ప్రశ్న తప్పకుండా ఎదురవుతుందనుకునే చదవండి.

శీతాకాలం ఉదయాల్లో గన్నవరంలో విమానాలు ఆలస్యం కావడం వార్తల్లో చూస్తుంటాం. అది రేడియేషన్ ఫాగ్. రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, గాలిలో తేమ ఉండాలి, గాలి మెల్లగా కదలాలి. గాలి అసలే లేకపోతే మంచు బిందువులుగా నేల మీదే ఆగుతుంది. మరీ ఎక్కువైతే పొగమంచు లేచి తక్కువ ఎత్తు మేఘమవుతుంది. “గాలి ఎంత ఉండాలి” అన్న ప్రశ్నకు అంకె మరచిపోయినా ఈ కారణం గుర్తుంటే జవాబు దొరుకుతుంది.

రోజూ ఉదయం శంషాబాద్ మెటార్ ఒకటి, టాఫ్ ఒకటి తీసి పెద్దగా చదవండి. ఆ తర్వాత బాల్కనీలోకి వెళ్లి ఆకాశం చూసి, మేఘాలు నివేదికలో చెప్పినట్టే ఉన్నాయో లేదో పోల్చండి. రెండు నెలలు ఇలా చేసినవారికి ఆ సంకేతాల మీద వేరే చదువు అక్కరలేదు.

టెక్నికల్

ఇక్కడ ప్రతి పరికరానికీ ఒకే ప్రశ్న వేసుకోండి: లోపల దేన్ని దేనితో పోలుస్తోంది? ఎయిర్ స్పీడ్ ఇండికేటర్ పిటోట్ గొట్టం తెచ్చే మొత్తం పీడనం నుంచి స్టాటిక్ పీడనం (చుట్టూ ఉన్న గాలి పీడనం) తీసివేసి చూపిస్తుంది. స్టాటిక్ రంధ్రం మూసుకుపోయి విమానం పైకి లేస్తోందనుకోండి. బయట పీడనం తగ్గుతోంది కాబట్టి పిటోట్ తెచ్చేదీ తగ్గుతుంది. లోపల చిక్కుకున్న స్టాటిక్ మాత్రం నేల మీది పీడనంతోనే ఉంది. తేడా తగ్గింది, కాబట్టి వేగం ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. కిందికి దిగేటప్పుడు ఎక్కువ చూపిస్తుంది. ఆల్టిమీటర్ కదలదు, వర్టికల్ స్పీడ్ సున్నా. పిటోట్ మూసుకుపోయిన ప్రశ్నను ఇదే తీరులో మీరే తేల్చండి. దీన్ని పట్టికగా బట్టీ పడితే పరీక్ష ఒత్తిడిలో “ఎక్కువ”, “తక్కువ” తారుమారవుతాయి.

డెన్సిటీ ఆల్టిట్యూడ్‌ను (గాలి సాంద్రతను బట్టి లెక్కించే ఎత్తును) కూడా మన ఎండలతో నేర్చుకోండి. మే నెల మధ్యాహ్నం శంషాబాద్‌లో ప్రెషర్ ఆల్టిట్యూడ్ (పీడనాన్ని బట్టి వచ్చే ఎత్తు) 2,000 అడుగులు, ఉష్ణోగ్రత 41 డిగ్రీలు అనుకుందాం. ప్రామాణిక వాతావరణంలో ఆ ఎత్తులో ఉండవలసింది 15లో నుంచి 4 తీసివేస్తే 11. తేడా 30 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,600. మొత్తం 5,600 అడుగులు. నేల మీద నిలబడిన విమానానికి తాను అయిదున్నర వేల అడుగుల పైన ఉన్నట్టే లెక్క; రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తాలి, మెల్లగా పైకి లేస్తుంది.

టెక్నికల్ స్పెసిఫిక్‌కు మీ విమానం మాన్యువల్ తప్ప వేరే ఆధారం వద్దు. వేగాలు, ఇంధనం, నూనె పరిమితులు, విద్యుత్ వ్యవస్థ బొమ్మ. బొమ్మను చూడకుండా గీయగలిగేదాకా గీయండి.

రెగ్యులేషన్స్

పాత నోట్సు ఈ సబ్జెక్టులో ప్రమాదకరం. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2024 వచ్చి, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దశాబ్దాలుగా టెలికాం శాఖ చేతిలో ఉన్న ఆర్‌టీఆర్ బాధ్యత దీనితోనే డీజీసీఏకు వచ్చింది. చేతులు మారుతూ వచ్చే నోట్సుల్లో ఇంకా పాత చట్టమే ఉంటుంది. నియమాలు, సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్లు డీజీసీఏ వెబ్‌సైటులో, ఏఐపీ (విమానయాన సమాచార సంకలనం) ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వద్ద ఉచితంగా దొరుకుతాయి. ఏ అంకె చదివినా ఒకసారి అక్కడ సరిచూసి, చూసిన తేదీ నోట్సులో పక్కన రాసుకోండి.

లైటు సంకేతాలకు ఇంట్లో చేయదగిన సాధన ఒకటి ఉంది. మొబైల్ టార్చికి ఎరుపు, ఆకుపచ్చ రంగు కాగితాలు చుట్టి, తమ్ముడినో చెల్లినో గది అవతల నిలబెట్టండి. “గాల్లో” లేదా “నేల మీద” అని చెప్పి లైటు వేయమనండి. గాల్లో ఉన్నప్పుడు స్థిరమైన ఆకుపచ్చ అంటే దిగవచ్చు. నేల మీద అదే లైటు అంటే టేకాఫ్ చేయవచ్చు. గాల్లో మిణుకుమనే ఎరుపు అంటే విమానాశ్రయం సురక్షితం కాదు, దిగవద్దు. నేల మీద అయితే వాడుకలో ఉన్న ల్యాండింగ్ ప్రాంతం నుంచి పక్కకు తప్పుకోండి. మిణుకుమనే తెలుపు గాల్లో ఉన్నవారికి ఇక్కడే దిగి ఏప్రన్‌కు (విమానాలు నిలిపే చోటికి) రమ్మని, నేల మీద ఉన్నవారికి బయలుదేరిన చోటికి తిరిగి వెళ్లమని. నాలుగు సాయంత్రాలు ఇలా ఆడితే పట్టిక చూడనక్కరలేదు.

క్వశ్చన్ బ్యాంకుతో ఏమి చేయాలి

పక్కన పారేయమని చెప్పను. నేనూ వాడాను, వాడిస్తాను. కాని అధ్యాయం చదవడం పూర్తయ్యాకే తెరవాలి. తెరిచాక నాలుగు జవాబుల మీద చెయ్యి అడ్డం పెట్టి ప్రశ్న మాత్రం చదవండి. మీ జవాబు కాగితం మీద రాశాకే చెయ్యి తీయండి. సరైనది ఎందుకు సరైనదో ఒక్క వాక్యం, మిగిలిన మూడూ ఎందుకు తప్పో ఒక్కో వాక్యం చెప్పుకోండి. రోజుకు 30 ప్రశ్నలు ఇలా చేయడం 300 ప్రశ్నల మీద కన్ను పరిగెత్తించడం కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. క్వశ్చన్ బ్యాంకుల్లో తప్పు జవాబులు కూడా ముద్రించి ఉంటాయి. మీ లెక్క, అందులోని జవాబు కలవకపోతే వెంటనే మీరే తప్పనుకుని సర్దుకోకండి. మూలానికి వెళ్లి తేల్చుకోండి. నా విద్యార్థులు నిజంగా ఎదిగింది అలాంటి తగవుల వల్లనే.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టండి. తప్పిన ప్రతి ప్రశ్నకు కారణం రాయండి: తెలియదు, తెలుసు కాని ప్రశ్న సరిగా చదవలేదు, కూడిక తీసివేతల పొరపాటు, సమయం చాలలేదు. రెండు వారాల తర్వాత లెక్కపెట్టి చూస్తే మీ జబ్బు ఏమిటో తెలుస్తుంది. చాలామందికి “తెలియదు” కన్నా “సరిగా చదవలేదు” ఎక్కువ వస్తుంది.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఇది మరీ ముఖ్యం. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆలోచన తెలుగులో చేసుకోండి, అందులో నష్టం లేదు. గాలి ఎటు నెడుతోందో తెలుగులో తేల్చుకున్నవాడు ఇంగ్లీషులో తడబడేవాడికన్నా ముందే జవాబు పెడతాడు. పారిభాషిక పదాలు మాత్రం ఇంగ్లీషువే నోటికి రావాలి. నాట్, ఎక్సెప్ట్, లీస్ట్, ఓన్లీ అన్న మాటలు కనిపించినప్పుడల్లా ప్రశ్న అర్థం తిరగబడుతుంది. అవి కనపడగానే కాగితం మీద ఒక సున్నా చుట్టే అలవాటు చేసుకోండి.

తెర మీద సాధన

పుస్తకంలో చదివే కన్ను వేరు, తెర మీద చదివే కన్ను వేరు. పుస్తకంలో ముఖ్యమైన మాట కింద గీత గీస్తాం, బొమ్మ మీదే గుర్తులు పెడతాం. తెర మీద ఆ వీలు లేదు. అందుకే చివరి నెలంతా సాధన కంప్యూటర్ మీదే చేయండి. ఫోను మీద కాదు. పక్కన చిత్తు కాగితం పెట్టుకుని ప్రతి లెక్కకు ఒకే తీరులో మూడు వరసలు రాయండి. మొదటి వరసలో ఇచ్చినవి, ప్రమాణాలతో సహా. రెండో వరసలో అడిగింది. మూడో వరసలో ఉజ్జాయింపు. ఆ తర్వాతే లెక్క. తెర మీది అంకె కాగితం మీదికి వచ్చేటప్పుడు 237 కాస్తా 273 అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, రాశాక ఒకసారి వేలు పెట్టి సరిచూసుకోండి.

వారానికి ఒకసారి పూర్తి పేపరు, పరీక్ష పెట్టే సమయానికే, మధ్యలో లేవకుండా రాయండి. వరసగా మూడు సాధన పేపర్లలో 85 శాతం దాటాకే ఆ పేపరుకు సిద్ధమైనట్టు లెక్క. 70 మీద గురిపెట్టినవారికి పరీక్ష హాల్లో 66 వస్తుంది.

పరీక్ష రోజు

కేంద్రం ముందు రోజే చూసి రండి. ఏయే వస్తువులు లోపలికి తీసుకెళ్లవచ్చో హాల్ టికెట్ మీద ఉన్న సూచనలు చదవండి. నావిగేషన్ కంప్యూటర్, స్కేలు, ప్రొట్రాక్టర్ విషయంలో నిరుడు రాసిన స్నేహితుడి మాట కాకుండా ఈసారి అచ్చయినదే ప్రమాణం. గుర్తింపు కార్డు అసలుదే ఉండాలి.

తెర వెలగగానే సూచనల పేజీ పూర్తిగా చదవండి. ప్రశ్నల మధ్య ముందుకీ వెనక్కీ ఎలా పోవాలో, జవాబు భద్రమైనట్టు ఎలా తెలుస్తుందో చూసుకున్నాకే మొదలుపెట్టండి. మొదటి చుట్టులో చూడగానే తెలిసినవి మాత్రం పెట్టుకుంటూ పోండి. రెండో చుట్టులో లెక్కలు. ఒక లెక్క మీద నాలుగు నిమిషాలు దాటితే మధ్యలోనైనా వదిలి ముందుకు వెళ్లండి. మూడో చుట్టులో అనుమానంగా ఉన్నవి. చివరికి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలవద్దు. తప్పుకు కోత లేనప్పుడు ఖాళీ జవాబు వల్ల ఒరిగేదేమీ లేదు. ముందు పెట్టిన జవాబు మార్చాలనిపిస్తే, కాగితం మీద కొత్త కారణం కనిపించినప్పుడే మార్చండి.

ఫలితం వచ్చాక

ఒక పేపరు పోతే, అదే రోజు సాయంత్రం సిలబస్ ముందు పెట్టుకుని ఏ అంశాల దగ్గర తడబడ్డారో గుర్తు పెట్టండి. వారం ఆగితే ఏమీ గుర్తుండదు. తర్వాతి సెషన్‌కు చదువు ఆ అంశాలతోనే మొదలవ్వాలి, మొదటి పేజీ నుంచి కాదు. నేను మొదట చెప్పిన కుర్రాడు అలాగే చేశాడు. రెండోసారి రాసేటప్పుడు ప్రతి లెక్కకూ ముందు బొమ్మ గీశాడు. హాల్లో చిత్తు కాగితాలన్నీ బాణాలతో నిండిపోయాయని వచ్చి చెప్పాడు. నావిగేషన్ గట్టెక్కింది.

పాసైన ప్రతి పేపరు ఫలితాన్నీ ముద్రించి ఒక ఫైల్లో పెట్టండి. కంప్యూటర్ నంబర్ కాగితం, హాల్ టికెట్లు, మెడికల్ పత్రాలు కూడా అందులోనే. ఫలితానికి చెల్లుబాటు గడువు ఉంటుంది కాబట్టి ఫైలు అట్ట మీద ఆ తేదీని పెద్ద అక్షరాలతో రాయండి. లైసెన్సుకు కావలసిన 200 గంటల ఫ్లయింగ్ ఆ తేదీలోపు పూర్తయ్యేలా మీ ఫ్లయింగ్ స్కూలుతో ఇప్పుడే కూర్చుని నెలవారీగా లెక్క వేసుకోండి. వానాకాలంలో ఎగరలేని రోజులు కూడా ఆ లెక్కలో తీసివేయండి.